మూడు గేర్ల ఏంజెలిన్

"ఏవండీ, ఆ సైకిల్‌కి ఎన్ని గేర్లండీ?"

అమీన్‌పూర్ చెరువు కట్ట మీద, ఆ శనివారం పొద్దున, ఏంజెలిన్‌ని మొట్టమొదట పలకరించింది సైకిల్ క్లబ్బులో ఉండే కళ్యాణే. పలకరింపు బాగానే ఉంది. ఆ తర్వాతే చెడింది.

"మూడు," అంది ఆమె, హ్యాండిల్ వైపు చూస్తూ.

"మూడేనా! నా దానికి ఇరవై నాలుగండీ. పోనీ, ఓ నాలుగు అప్పివ్వనా?"

సైకిల్ క్లబ్బు వాళ్ళంతా గొల్లుమన్నారు. ఏంజెలిన్ చెవులు వేడెక్కాయి. గుమ్మడిదల బడిలో చదివినన్నాళ్ళూ జవాబు తెలిసినా ఒక్కసారి చెయ్యెత్తని పిల్ల ఆమె. మామూలుగా అయితే తల వంచుకుని పక్కకు పోయేదే. కానీ ఇప్పుడు వాళ్ళు నవ్వింది తనను చూసి కాదు, నానమ్మ సైకిల్‌ని చూసి.

"ఇరవై నాలుగు గేర్లున్నయి గని, బెల్లు లేదు మీ సైకిల్‌కు. ఎనక నుంచి సప్పుడు లేకుండ వస్తే ఎవర్నన్న గుద్దుతరు. జెర పైలం."

అని తన బెల్లు ఒక్కసారి మోగించింది. చెరువులో కొంగలు రెండు లేచిపోయాయి. క్లబ్బు మళ్ళీ గొల్లుమంది. ఈసారి కళ్యాణ్‌ని చూసి.

మరుసటి శనివారం అతని సైకిల్‌కి ఇత్తడి బెల్లు వేలాడుతూ ఉంది. "పెట్టించానండి. ఇప్పుడు పలకరించొచ్చా?" అన్నాడు. ఏంజెలిన్ నవ్వు కనిపించకుండా చున్నీ సర్దుకుంది.

ఆ ఆకుపచ్చ సైకిల్ నానమ్మ లీలమ్మది. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా ఉన్నప్పుడు, సొంత దేశం వెళ్ళిపోతూ డాక్టరమ్మ ఇచ్చిపోయింది. దాని మీదే లీలమ్మ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి కాన్పులు చేసింది. బండి బరువు దూడంత. టైర్లు లావు. "మనిషికి మూడు గేర్లు సాలు బిడ్డా," అనేది ఆమె. "ఒకటి ఎక్కనీకి, ఒకటి పోనీకి, ఒకటి జల్దీ ఇంటికి రానీకి."

లీలమ్మకు ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు. సైకిల్ మాత్రం సహకరిస్తుంది. మందుల కంపెనీ ల్యాబ్‌లో ఏంజెలిన్‌కి ఉద్యోగం వచ్చాక, సెలవు రోజున దాన్ని తుడిచి, నూనె వేసి, ఎక్కింది. ఎక్కాక దిగాలనిపించలేదు; అలా క్లబ్బులో చేరింది.

జనవరిలో క్లబ్బు కెప్టెన్ నవీన్ కబురు చెప్పాడు. ఫిబ్రవరి చివర్లో విశాఖ నుంచి కాకినాడ దాకా, సముద్రం పక్కనే, రెండు రోజుల సవారీ. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటలోపు కాకినాడ బీచికి చేరినవాళ్ళకే డిసెంబర్ జట్టులో చోటు. ఆ జట్టు ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మొత్తం ఆంధ్ర తీరం తొక్కుతుంది.

"నేనొస్త అన్నా," అంది ఏంజెలిన్ మెల్లగా.

"చెల్లె, రా. కాదంటలేను. కని గా మ్యూజియం ముక్క మీదనా? టైమ్‌కు రాకపోతే డిసెంబర్‌ల దానికి జాగ లేదు. కొత్త సైకిల్ కొనుక్కోవాలె, లేకుంటే ఇంట్ల ఉండాలె."

కొత్త సైకిల్ మీద తీరం చూడాలని ఆమెకు లేదు. నానమ్మ సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. కనీసం ఆమె సైకిలైనా ఆ చివర నుంచి ఈ చివర దాకా చూడాలి. అదే ఏంజెలిన్ కోరిక. ఎవరికీ చెప్పని కోరిక.

లీలమ్మ ఒప్పుకుంది. ఒక్కటే షరతు పెట్టింది.

"ఆదివారం చర్చిల ఆరాధన తప్పొద్దు. సముద్రం కాడ గూడ ఆదివారమే వస్తది."

ఈ సంగతి ఏంజెలిన్ నవీన్‌తో చెప్పి ఉండాల్సింది. చెబితే అందరూ తనవైపు చూస్తారేమోనని చెప్పలేదు.

*

శనివారం పొద్దున విశాఖలో బయలుదేరారు. ఎడమవైపు సముద్రం. ఏంజెలిన్ దాన్ని చూడగానే బ్రేకు వేసేసింది.

"ఏమైందండీ?" అన్నాడు కళ్యాణ్.

"ఇంతుంటదా!"

"మొదటిసారా?"

"మాకు అమీన్‌పూర్ చెరువే పెద్దది."

కళ్యాణ్ వాళ్ళది కాకినాడే. నాన్న రాజారావు ఓ ప్లాంటులో ఉద్యోగానికని పటాన్‌చెరు వచ్చి స్థిరపడ్డాడు. అందుకని సముద్రం తన సొంత పెరడన్నట్టు చూపించసాగాడు. అవి తెప్పలు, ఇవి వలలు, అదిగో ఎండుచేపలు. గేర్లు టకటక మార్చి ముందుకు దూసుకుపోయేవాడు. ఓ మైలు పోయాక చూస్తే రోడ్డు పక్కన వంగి షూ లేసు కట్టుకుంటూ కనిపించేవాడు. ఆమె దాటాక మళ్ళీ బయలుదేరేవాడు. అలా పొద్దంతా ఊడుతూనే ఉన్నాయి ఆ లేసులు.

సాయంత్రం పెంటకోటలో దిగారు. టీ తాగుతుంటే కళ్యాణ్ పక్కకొచ్చి కూర్చున్నాడు.

"ఏంజెలిన్ గారూ, రేపు ఎండెక్కాక దక్షిణం గాలి లేస్తుందండి. మనకు ఎదురే. మీరు నా సైకిల్ తీసుకోండి. నేను మీది తొక్కుతాను."

ఆమె టీ కప్పు కింద పెట్టింది. "అంటే నాతోని కాదనుకుంటున్నరా?"

"అలా కాదండీ..."

"పొద్దటి నుంచి ఆగి ఆగి సూస్తున్నరు. జాలి సూపిస్తున్నరా? నేనడిగిన్నా?"

అంత పొడుగు మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఆమే ఆశ్చర్యపోయింది. కళ్యాణ్ ముఖం వాడిపోయింది. "సరేనండి," అని లేచిపోయాడు.

*

తెల్లారి అతను వెనక్కి చూడకుండా ముందుకు వెళ్ళిపోయాడు. ఏంజెలిన్ ఒక్కతే తొక్కుతోంది. ఉప్పాడకు ఇవతల ఓ మత్స్యకారుల ఊళ్ళో గంట వినిపించింది. రేకుల కప్పు, నీలం గోడలు, తలుపు మీద తెల్ల సిలువ. సైకిల్ గోడకు ఆనించి, చున్నీ తలమీద కప్పుకుని, ఆడవాళ్ళ వెనక చాపమీద కూర్చుంది. పాటలయ్యాయి. ప్రార్థనలయ్యాయి. పాస్టరు గారి వాక్యం సాగుతోంది, సాగుతోంది. కిటికీలోంచి సరుగుడు చెట్ల కొసలు ఊగడం కనిపించింది. గాలి లేచింది.

ఇక అయిపోయిందనుకునేసరికి పాస్టరు గారు ముందుకు వంగి చూశారు.

"మన మధ్యకు కొత్త బిడ్డ వచ్చింది. దేవుడు నీకు చేసిన మేలు గురించి లేచి ఒక సాక్ష్యం చెప్పమ్మా."

ఏంజెలిన్ సొంత చర్చిలోనే స్తంభం చాటున కూర్చుని సాక్ష్యం తప్పించుకునే మనిషి. పక్కనున్న పెద్దావిడ మోచేత్తో పొడిచింది. "లెగమ్మా. మేవేటి తింటావా నిన్ను?"

ఆమె లేచింది. సరిగ్గా అప్పుడే వెనక తలుపు దగ్గర చెప్పులు విడిచిన చోట ఎవరో రొప్పుతూ ఆగారు. ఏంజెలిన్ చూడలేదు. ఆమె చూపు నేల మీద ఉంది.

"నా పేరు ఏంజెలిన్. గుమ్మడిదల నుంచి వచ్చిన. బయట ఉన్నది మా నానమ్మ సైకిల్. దానిమీద సముద్రం సూడనిచ్చినందుకు దేవునికి స్తోత్రం." ఆగింది. ఆడవాళ్ళు "స్తోత్రం" అన్నారు. ఆ మాట ఆమెను ముందుకు నెట్టింది. "ఇంకొకటి. నిన్న దారి పొడుగుత ఒకాయన నాకోసం ఆగిండు. నాకు చిన్నతనం కావొద్దని షూ లేసు ఊడిందని అబద్ధం ఆడిండు. ఆయన షూలకు అసలు లేసులే లేవు. నేను పొద్దున్నే సూసిన. అయినా రాత్రి ఆయన్నే కోప్పడిన. ఆ మనిషిని నాకు దారిల పెట్టినందుకు... దేవునికి స్తోత్రం."

"స్తోత్రం!" అని చర్చంతా అంది. వెనక నుంచి ఓ మగగొంతు అందరికన్నా ఆలస్యంగా, తడబడుతూ అంది.

ఏంజెలిన్ తిరిగి చూసింది. కళ్యాణ్. బిగుతు సైకిల్ నిక్కరు మీద ఎవరో తువ్వాలు చుట్టారు. తన షూల వైపు చూసుకుంటున్నాడు.

బయటికి రాగానే అతను మొదలుపెట్టాడు. "ఉప్పాడ దాటి వెళ్ళిపోయానండి. నువ్వు... మీరు కనిపించడం లేదని నవీన్ అన్నాడు. మానేసి ఉంటావన్నారు అందరూ. నేను నమ్మలేదు. పడిపోయావేమోనని వెనక్కొచ్చాను. గోడకు నీ సైకిల్ కనిపించింది..."

"మీ టైమ్ పోతది! ఎందుకొచ్చిన్రు?"

"లేసు ఊడిందండి," అన్నాడు కళ్యాణ్.

నవ్వడానికి తీరిక లేదు. రోడ్డు మీద గాలి గోడలా నిలబడి ఉంది. ఇందాక పొడిచిన పెద్దావిడే దగ్గరికొచ్చింది. పేరు బుల్లెమ్మట.

"రోడ్డు మీద ఎల్లకండి, గాలి తోసేత్తది. సరుగుడు తోపులోంచి బాటుంది. ఊళ్ళు కలుపుకుంటా కాకినాడ దాకా ఎల్లిపోద్ది. ఇసకే గానీ, గాలుండదు."

తోపులోకి దిగారు. నిజంగానే గాలి పైన చెట్ల కొసల్లో ఈలలు వేస్తోంది, కింద లేదు. కానీ ఇసుక. కళ్యాణ్ సైకిల్ టైర్లు చూపుడువేలంత సన్నం. పది బారలు పోకుండానే కూరుకుపోయాయి. ఇరవై నాలుగు గేర్లూ మార్చి చూశాడు. చక్రం అక్కడే తిరిగింది.

లీలమ్మ సైకిల్ మాత్రం ఆ లావు టైర్లతో, మట్టిబాటల మీద పుట్టి పెరిగినదానిలా, సాగిపోయింది. ఏంజెలిన్ ఆగింది.

"ఆగకు! వెళ్ళు!" అని అరిచాడు కళ్యాణ్ వెనక నుంచి. "నేను రోడ్డెక్కి వస్తాను. నువ్వు చేరాలి, అంతే!"

ఒకటో గేరు వేసింది. ఇసుక పలచబడ్డాక రెండోది. తొడలు మండాయి, గొంతు ఎండింది. ఓ చోట పడింది, లేచింది, మోకాలికి అంటిన ఇసుకైనా దులుపుకోలేదు. ఊళ్ళు దాటుతుంటే గుమ్మాల్లో జనం లేచి నిలబడ్డారు. తోపు అయిపోయి కాకినాడ తారురోడ్డు తగిలింది. బీచి దగ్గర క్లబ్బు జెండా కనిపించింది. మూడోది వేసింది.

నవీన్ గడియారం వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. "చెల్లె, తొక్కు! తొక్కు!" అని తనే గంతులేయడం మొదలుపెట్టాడు. జెండా దాటి, ఆపడం మర్చిపోయి, ఇసుకలోకి దూసుకెళ్ళి ఆగింది.

"ఒంటిగంటకు ఇంకా రెండు నిమిషాలున్నయి," అన్నాడు నవీన్. నమ్మలేక మళ్ళీ చూసుకున్నాడు. "డిసెంబర్‌ల నీ పేరు ముందు రాస్త. సైకిల్ పేరు గూడ."

"మ్యూజియం ముక్క అని రాయండి అన్నా," అంది ఏంజెలిన్, గట్టిగా, అందరికీ వినిపించేలా. క్లబ్బంతా చప్పట్లు కొట్టింది. ఆమె ఎవరి వెనకా దాక్కోలేదు.

కళ్యాణ్ చాలాసేపటికి వచ్చాడు, ఎదురుగాలిలో చెమటలు కక్కుతూ. ఆమెను జెండా కింద చూడగానే రెండు చేతులూ పైకెత్తాడు, తనే గెలిచినట్టు.

"మీకు డిసెంబర్ పోయింది," అంది ఆమె.

"జట్టుకి వ్యాను నడిపేవాడు కావాలి కదా. వెనకే వస్తాను. చూస్తూ." ముఖం తుడుచుకుంటూ అన్నాడు. "సాక్ష్యంలో నా పేరు చెప్పలేదేం?"

"దేవునికి తెల్సు గద."

"నాకు తెలియొద్దా?"

"తెల్వకనే అంత గాలిల ఎనకకు వచ్చినవా, కళ్యాణ్?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చినందుకు కళ్యాణ్ తన ఇత్తడి బెల్లు మోగించాడు. ఇంతలో ఫోను మోగింది. వీడియోలో లీలమ్మ, కళ్ళద్దాలు నుదుటి మీద.

"గెలిచిన నానమ్మా! జట్టుల పేరొచ్చింది!"

"సముద్రం సూపియ్యి ముందుగాల."

ఏంజెలిన్ ఫోను తిప్పింది. లీలమ్మ కళ్ళద్దాలు దించుకుని చూసింది. అలల చప్పుడు వింది. ఏంజెలిన్ ఫోను మళ్ళీ తన వైపు తిప్పుకుంది.

"నీ పక్కకు గా పిలగాడెవరు?"

ఏంజెలిన్ సిగ్గుపడలేదు. "కళ్యాణ్, నానమ్మా. నాకు మస్తు ఇష్టం."

కళ్యాణ్ గబగబా దండం పెట్టాడు. లీలమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"అబ్బో, ఎండకు కమిలిపోయిండు పాపం. ఏం బాబూ, వచ్చే వారం మీ అమ్మానాయనను తోలుకొని మా ఇంటికి రా. కోడికూర వండుత. కూసొని మాట్లాడుకుందం."