ఎస్తేరు పీకిన కేబుల్

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఎస్తేరు అభిలాష్ కేబుల్ పీకేసింది.

అతని స్క్రీన్ బిగుసుకుపోయింది. కుర్చీ వెనక్కి తన్ని లేచాడు.

"ఎవరమ్మా నువ్వు? పొద్దున్నుంచి నడుస్తాండే టెస్టు అది."

"డిస్కు పెట్టెకు రెండు కేబుళ్లుండాయి కదప్పా. ఒకటి పోతే రెండోది చూసుకుంటాదని గోడ మీద పోస్టర్ మీరే అంటించినారు. నిజమేనా అని పీకినా."

"చెప్పి కదా పీకల్ల."

"ఎలుక చెప్పి కొరుకుతాదా?"

ఆఫీసంతా నవ్వింది. అభిలాష్ చెవులు ఎర్రబడ్డాయి. కోపంగా ఆమెను మళ్లీ చూశాడు. ఆ రెండో చూపు అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపే నిలిచింది.

సప్తగిరి సర్కిల్ దగ్గర మిద్దె మీద ఉన్న చిన్న కంపెనీ అది. ఆస్పత్రులకు రోగుల రికార్డులు దాచే స్టోరేజి అమ్ముతుంది. ఒకే డిస్కుకు రెండు కేబుళ్లు తగిలిస్తే, ఆపరేటింగ్ సిస్టమ్ అడుగున కూర్చునే కెర్నల్‌కు రెండు డిస్కులున్నట్టు కనిపిస్తుంది. రెండూ ఒకటేనని అది గుర్తుపట్టాలి. ఒక దారి తెగితే పనిని రెండో దారికి మళ్లించాలి. దాన్నే మల్టీపాత్ అంటారు.

దాని డిజైన్ అభిలాష్‌ది. ఎస్తేరుకు టెస్టింగ్ ఇచ్చారు. కెర్నల్ కోడ్ ఆమెకు అతనికన్నా బాగా వచ్చు. ఇంటర్వ్యూలో బోర్డు మీద రాసి చూపించింది కూడా. మేనేజర్ శ్రీకాంత్ అంతా చూశాడు. చివర్లో ఒక్క ప్రశ్న అడిగాడు. "నల్లమాడలో మీ ఇల్లు ఊర్లో ఏ పక్కమ్మా?" ఆమె చెప్పింది. అతను టెస్టింగ్ ఇచ్చాడు. ఆ ప్రశ్న అడిగే నాలుకకు సిగ్గు లేదు. విని తలలు దించుకుని టైపు చేసుకునే ఆఫీసుకు అంతకన్నా లేదు.

అయినా ఎస్తేరు రోజూ కేబుళ్లు పీకింది. అభిలాష్ రోజూ కోడ్ సరిచేశాడు.

"ఈ రోజు ఎన్ని పీకుతావు?"

"నీ మొహం చూసి చెప్తా."

చివరికి ఒక ఉదయం కేబుల్ పీకినా స్క్రీన్ ఆగలేదు. సెకనులో పని రెండో దారికి మారింది. అభిలాష్ ఉగ్గాని, బజ్జీ పొట్లం తెచ్చి ఆమె టేబుల్ మీద పెట్టాడు.

"మారింది చూస్తివా?"

ఆమె బజ్జీ కొరికింది. "మారింది. తప్పుగా మారింది."

"ఏం తప్పు?"

"కేబుల్ తెగే లోపలే నువ్వు రాయమని పంపిన ఒక రాత డిస్కు పెట్టెలోకి పోయి ఆడ ఇరుక్కుందనుకో. జవాబు రాలేదని నువ్వు అదే రాతను రెండో కేబుల్ మీద పంపిస్తివి. దాని ఎనకాలే దిద్దిన కొత్త రాత పంపిస్తివి. అప్పుడు ఆ ఇరుక్కున్న పాతది కదిలి, కొత్తదాని మీద పడితే?"

"లక్షలో ఒకసారి జరుగుతాది అట్ల."

"మీ నాయన స్టేషన్ మాస్టర్ అంటివి. ముందు పోయిన బండి పక్క స్టేషన్ చేరిందో లేదో తెలీకుండా రెండోది వదుల్తాడా? గుద్దుకునేది లక్షలో ఒకసారే కదా."

"మా నాయన్ని ఎందుకు లాగుతావ్?"

"నీకంటే బుద్ధి ఉండాదని. రెండో కేబుల్ మీద పెట్టెనే అడుగు, పాతది రాసినావా పారేసినావా అని. అది చెప్పేదాకా ఆగు. అర నిమిషం పడితే పడనీ."

"అర నిమిషం స్క్రీన్ నిలబడితే ఎవురు కొంటారు?"

పొట్లం అక్కడే వదిలేసి విసురుగా వెళ్లిపోయాడు. ఆమె మొత్తం తినేసింది. కిటికీ బయట ఒక మబ్బు వచ్చి, వీధినంతా తలెత్తేలా చేసి, నాలుగు చినుకులు రాల్చి యాడికి అనే ఊరి వైపు పోయింది. ఈ జిల్లాలో మబ్బును కూడా నమ్మడానికి లేదు.

సాయంత్రం అభిలాష్ మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"నువ్వు చెప్పినట్లే చేసి చూసినా. పాతది కొత్తదాని మీద పడింది."

"శ్రీకాంత్ సార్‌కు చెప్పినావా?"

"రేపు డెమో. ఆస్పత్రి డాక్టరమ్మ వస్తాంది. అది అయిపోనీ. తర్వాత సరిచేద్దాం."

ఎస్తేరు లేచి నిలబడింది. "ఎవరికో బ్లడ్ గ్రూపు తప్పు పడినాక సరిచేస్తావా? ఉగ్గాని తెచ్చేకి చేతులొస్తాయి, నిజం చెప్పేకి నోరు రాదు. నాతో మాట్లాడొద్దు ఇంగ."

మరునాడు డాక్టర్ ప్రసూన ముందు శ్రీకాంత్ స్వయంగా కేబుల్ పీకాడు. స్క్రీన్ ఆగలేదు. చప్పట్లు.

"సంతకం పెడదామా మేడమ్?"

"మేడమ్, ఒక్క టెస్టు నేను చూపిస్తా," ఎస్తేరు లేచింది.

"కూచోమ్మా," శ్రీకాంత్ పళ్లు బిగించాడు. "మీవాళ్లకు కుర్చీ ఇచ్చేదే ఎక్కువ."

ఆఫీసు తలలు దించుకుంది. ఎస్తేరు కూర్చోలేదు. అభిలాష్ వైపు చూడనూ లేదు. వీడి నుంచి ఏమీ రాదని తేల్చేసుకున్న మనిషిలా నిలబడింది.

అది అతనికి చెంపదెబ్బలా తగిలింది. లేచాడు.

"సార్, ఆ మాట ఎనక్కి తీసుకోండి. మేడమ్, ఆ డిజైన్ నాది. దాంట్లో తప్పుండాది. నాకు నిన్ననే తెలుసు. కనిపెట్టింది ఎస్తేరు. ఆమె చూపించేది చూసినాకే సంతకం పెట్టండి."

ఎస్తేరు డిస్కు పెట్టెలో ఒక దారిని నిదానం చేసింది. ఉత్తుత్తి రోగి పేరు మీద ఎ పాజిటివ్ అని రాసి కేబుల్ పీకింది. పొరపాటు దిద్దినట్టు బి పాజిటివ్ అని రాసింది. కాసేపాగి ఆ పేజీ మళ్లీ తెరిచింది. ఎ పాజిటివ్.

డాక్టర్ పెన్ను మూత పెట్టింది. "నీ పద్ధతిలో చేస్తే?"

"అర నిమిషం ఆగుతాది మేడమ్. తప్పు రాయదు."

"ఆగనీ. తయారైనాక ఫోన్ చెయ్యి. మీ సార్ చేత చేయించొద్దు, నువ్వే చెయ్యి."

డాక్టర్ కారు కదలక ముందే శ్రీకాంత్ ఇద్దరినీ వెళ్లగొట్టాడు.

రోడ్డు మీద ఎండ మండిపోతోంది. ఎస్తేరు ముందు నడుస్తోంది. అభిలాష్ బ్యాగు ఎగరేసుకుంటూ వెనక పడ్డాడు.

"నిన్న చెప్పేకి ఏం రోగం?"

"నిన్న భయమేసింది."

"ఈ రోజు?"

"నువ్వు నా పక్క చూడకపోయేసరికి ఇంగా ఎక్కువ భయమేసింది." పరుగున ఆమె పక్కకు వచ్చాడు. "ఎస్తేరూ, నువ్వంటే నాకిష్టం."

"రోడ్డు మీద చెప్తావా ఈ మాట?"

"ఆఫీసు లేదు కదా ఇంగ."

వచ్చిన నవ్వును ఆమె కోపంతో నొక్కేసింది. "నాకు చెప్పేదేముంది. మీ ఇంట్లో చెప్పు, చూద్దాం."

అతను అక్కడే ఫోన్ తీశాడు. స్పీకర్ పెట్టాడు.

"నాయనా, ఉద్యోగం పోయింది."

"ఏం చేసినావురా?" గుంతకల్లు నుంచి హనుమంతరాయుడు గొంతు ఉరిమింది.

"ఇంగోటి. ఒక పిల్ల ఉండాది. ఎస్తేరు. నల్లమాడ. చర్చికి పోతారు వాళ్లు. ఆమెనే చేసుకుంటా."

అవతల మాట లేదు. ఎస్తేరు మొహం గట్టిపడింది. ఇలాంటి మౌనాలు ఆమెకు కొత్త కాదు. ఫోన్ లాక్కుంది.

"సార్, నేనే ఎస్తేరు. చేసుకుంటానని నేనింగా అనలేదు. మీవాడే అంటాండాడు. మీరు కంగారు పడొద్దు."

"వాని ఉద్యోగం ఎందుకు పోయిందమ్మా?"

"తప్పును తప్పని నలుగురిలో చెప్పినాడు. ఒక రోజు లేటుగా."

"వాడా? పాలు ఒలకబోసి పిల్లి మీద చెప్పేవాడే." గొంతు తగ్గించాడు. "మా ఇంట్లో అందరూ ఒప్పుకుంటారని చెప్పలేను తల్లీ. వాళ్లమ్మతో నేను కొట్లాడాల్సొస్తాది. కొట్లాడతాలే. ముందు ఇద్దరూ రాండి."

ఎస్తేరు ఫోన్ తిరిగి ఇచ్చింది. చున్నీతో మొహం తుడుచుకుంది. చెమటే అనుకోవాలి.

"పోదాం. నీ కోసం కాదు, ఆయన కోసం. నీ మీద కోపం అట్లే ఉండాది. గుంతకల్లుకు బండి ఎన్ని గంటలకు?"

రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి బండ్ల కూతల మధ్య పెరిగిన అభిలాష్‌కు ఆ క్షణాన ఒక్క బండి కూడా గుర్తుకు రాలేదు.