పలకని నాణెం

టంకశాలలో అచ్చు చెక్కే పనివాడిని గురువారం ఉదయం అతని బల్ల దగ్గరే చంపేశారు. సైలెన్సర్, ఒకే బుల్లెట్. బల్ల మీద కాస్త వెండిపొడి మిగిలింది.

“అతని చేత గుల్ల నాణెం ఒకటి చేయించుకుని నోరు మూయించారు,” అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్, ఏజెంటుతో. “అందులో మైక్రోఫిల్మ్. విషజ్వరానికి మందు కనిపెట్టిన డాక్టరుగారి లాబ్‌లోంచి, ఆ జ్వరాన్నే ఆయుధంగా పెంచే ఫార్ములా. సోమవారం పదకొండుకి ఆయన స్మారక నాణెం విడుదల. పన్నెండుమంది విదేశీ అతిథులకి పన్నెండు నాణేలు. గుల్లది ఆఖరి నిమిషంలో ప్లేటులో చేరుతుంది. స్కానర్‌కి టైముండదు.”

“లాబ్‌లో మనవాళ్లెవరు సార్?”

“మీ అక్క. పదేళ్లుగా మనకి ఇన్ఫార్మర్. ప్లేటు పట్టుకునేదీ ఆవిడే.”

ఇన్నేళ్లూ ఈ సంగతి పొక్కనివ్వని అక్కను తలచుకుని ఏజెంటు లోలోపల పొంగిపోయాడు.

టంకశాలలో నాణేలు మోగించి చూసే పెద్దాయన దగ్గర మూడు రోజులు కూర్చున్నాడు. ఇనుపదిమ్మె మీద ఒక్కొక్కటే జారవిడిచి వినడమే పని.

“కళ్లు మూసుకో నాయనా. కన్ను మోసపోతుంది, చెవి మోసపోదు.”

సోమవారం పెట్టుడు గడ్డంతో వెయిటరు వేషం కట్టాడు. నీలం పట్టులో అక్క మెరిసిపోతోంది. హాల్లో సగం కళ్లు ఆమె మీదే. తల్లి పోయాక అతన్ని పెంచిన చేతుల్లో వెండి ప్లేటు.

పదకొండుకి అర నిమిషం ఉందనగా, తడబడినట్టు నటించి ప్లేటుని గుద్దేశాడు. రాతినేల మీద పదకొండు నాణేలు ఖంగుమన్నాయి. ఒకటి పెంకులా టక్కుమంది. అందరూ నాణేలు ఏరుతున్నారు. అక్క మాత్రం ఆ ఒక్కదాని మీద కాలు వేసి నిలబడింది. ఏజెంటు ఆమె పక్కకి వెళ్లి గొంతు తగ్గించాడు.

“కాలు తియ్యి అక్కా.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. “ఆ గడ్డం నీకు నప్పలేదురా.”

“ఎందుకిలా చేశావు?”

“ఆ మందు పనిచేస్తుందో లేదో చూడ్డానికి మొదటి సూది నా చేతికే వేశారు. బతుకుతానో లేదో కూడా తెలీదు. ఇరవై ఏళ్లు ఆయన పక్కనే పనిచేశాను. నాణెం అక్కర్లేదు, ఆయన రాసిన పుస్తకంలో ఒక్క లైనైనా నా పేరు వేస్తారనుకున్నాను.”

“ఏడేళ్లప్పుడు ఆ జ్వరం నాకొస్తే మందు తెచ్చి బతికించింది నువ్వే. రేపు ఇంకో ఏడేళ్లవాడికొస్తే?”

ఆమె కాలు తీసింది. ఆ నాణెం కోసమే వచ్చి, ఇప్పుడు తలుపు దాటబోయిన అతిథిని గార్డులు పట్టుకున్నారు. ఏజెంటుకు అక్కకి బేడీలు వేయడానికి చేతులు రాలేదు. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు ఆమె పట్టుకున్నట్టే చెయ్యి పట్టుకుని కారు దాకా నడిపించాడు. ఇద్దరూ ఏడుస్తూనే ఉన్నారు.

సాయంత్రం చీఫ్ పిలిచాడు. “నీకు మెడల్ రికమెండ్ చేశాను.”

గుల్లదాని కోసం అక్క ప్లేటులోంచి తప్పించిన అసలు నాణేన్ని ఏజెంటు జేబులోంచి తీసి బల్ల మీద జారవిడిచాడు. చాలాసేపు మోగింది.

“మెడల్ మీద కూడా డాక్టరుగారి బొమ్మేనా సార్?” అన్నాడు.