ఊకొట్టే పెట్టె

ఆ రోజుల్లో సీరియల్ చూడటానికి ఎవరూ టీవీ కొనేవారు కాదు. గోడకు సున్నంలా తెరపూత వేసుకుంటే గోడే బొమ్మలు చూపేది. ఆ బొమ్మల్లోని మనుషుల్నీ, అడవుల్నీ, వానల్నీ యంత్రాలే తయారుచేసేవి. సంగీతం కూడా కొన్నేళ్ళు అవే చేశాయి. కానీ 2079 ప్రాంతంలో జనానికి అది మొహం మొత్తింది. "పాట బాగానే ఉంది గానీ లోపల ఎవరూ లేనట్టుంది" అనడం మొదలుపెట్టారు. దాంతో సినిమావాళ్ళు, సీరియళ్ళవాళ్ళు మళ్ళీ మనుషుల చేతి సంగీతం కోసం వెతుకులాటలో పడ్డారు.

ఆ వెతుకులాటలో పుట్టిందే స్వరవారధి. హైదరాబాదులో డాక్టర్ సుభాషిణి దాన్ని తయారుచేసింది. చూడటానికి బిందె అంత ఉండే, మాట్లాడటం కూడా వచ్చిన పెట్టె. అందులోని గుండెగ్రాహకాలు, అంటే పల్స్ సెన్సర్లు, ఒక వాద్యం వింటున్నవారి గుండె ఎక్కడ నెమ్మదిస్తుందో, ఎక్కడ ఉలిక్కిపడుతుందో కొలుస్తాయి. ఏ సన్నివేశంలో చూసేవారి గుండె అలాగే కొట్టుకోవాలో వెతికి, కళాకారుడి పేరు నేరుగా దర్శకుడికి పంపుతుంది. మధ్యవర్తులు లేరు, సిఫారసులు లేవు. భద్రాచలం వైపు కోయ డోలు వాద్యకారులు, సీతంపేట కొండల్లోని సవర పాటగత్తెలు దాని పుణ్యాన ఇంటింటి గోడల మీదా వినిపించారు.

తొడసం మంకు దగ్గర మాత్రం అది ఓడిపోయింది. ఉట్నూరు దగ్గరి గూడెంలో ఉండే మంకు, తోటి అనే తెగకు చెందినవాడు. కమానుతో కిక్రీ అనే తీగల వాద్యం వాయిస్తాడు. అతని తండ్రీ తాతా గోండు పటేళ్ళ ముందు కూర్చుని, కిక్రీ మీద దేవుళ్ళ కథలు చెప్పినవారు. ఒక పెద్ద సీరియల్‌కు అదే వాద్యం కావాలి. రెండుసార్లు స్టూడియోకు పిలిచారు. రెండుసార్లూ మంకు కొంచెంసేపు వాయించి, ఆపేసి, దండం పెట్టి లేచాడు. మూడోసారీ ఇంతే అయితే కిక్రీ శబ్దం యంత్రంతో చేయించుకుంటామని దర్శకుడు తేల్చేశాడు. ఆ పని ఒకసారి జరిగితే ఇక ఏ తోటి ఇంటి తలుపూ ఎవరూ తట్టరని సుభాషిణికి తెలుసు. అందుకే పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టుకుని, పెట్టెను వెంటబెట్టుకుని తనే ఉట్నూరు బయలుదేరింది.

"ఎందుకు ఆపేస్తున్నారు మంకు గారూ? చెయ్యి నొప్పా?"

"నేనేడ ఆపిననమ్మా? మీరే ఆపుమంటిరి."

"మేమా? మేం నోరైనా మెదపలేదు."

"గదే గదా."

వాకిట్లో జొన్నలు చెరుగుతున్న కూతురు రాంబాయి నవ్వింది. "ఎదురుంగ కూసున్నోళ్ళు ఊ అంటేనే మా నాయిన కథ ముందుకు పోతదమ్మా. అనకుంటే చాలు, లెవ్వు అన్నట్టు. మీ రూముల అందరు మూతి బిగవట్టి కూసున్నరట. మర్యాద తెల్వనోళ్ళని ఇంటికొచ్చి ఒకటే తిట్టుడు."

"తిట్టలే," అన్నాడు మంకు. "ఇననోళ్ళ ముంగట చెప్తే దేవునికి చిన్నతనం."

స్టూడియోలో దగ్గడం కూడా నేరమే. అక్కడ మర్యాద అనుకున్న నిశ్శబ్దం ఇక్కడ పొమ్మనడమని ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు. సుభాషిణి ఆలోచించి, పెట్టెకే ఊకొట్టడం నేర్పింది. ఆ శబ్దం రికార్డులో పడకుండా మంకు చెవికి మాత్రమే వినిపించేలా అమర్చింది.

"నాకు కథ అర్థం కాదు. ఎక్కడ అనాలి?" అని అడిగింది పెట్టె.

"కమాను ఆపి నీ వైపు చూస్తాడు. అప్పుడు అను."

మూడోసారి మంకు పొద్దు వాలేదాకా వాయించాడు. ఆ సీరియల్ వచ్చే వేళకు ఊళ్ళలో వంటలు మాడిపోయాయని చెప్పుకున్నారు.

రికార్డింగు అయ్యాక ఆ పెట్టె మంకు ఇంట్లోనే ఉండిపోయింది. ఏడాది తిరిగేసరికి సుభాషిణి దగ్గరున్న మరో పెట్టె ఒక వింత సంగతి చెప్పింది. "మంకు గారిని సినిమాలకు పిలుస్తున్నారు. రానంటున్నారు. మిగతా కళాకారులు కూడా ఒక్కొక్కరే అవకాశాలు వద్దంటున్నారు. ఊకొట్టే పెట్టె మాత్రం పంపమంటున్నారు."

సుభాషిణి మళ్ళీ ఉట్నూరు వచ్చింది. మంకు మంచం మీద కూర్చుని, ముక్కాలి పీట మీది పెట్టెకు కథ చెబుతున్నాడు.

"సినిమా వద్దన్నారట?"

"సినిమల లక్షలమంది ఇంటరు బిడ్డా. ఒక్కడు ఊ అనడు. ఇది అంటది."

"అది వినదు మంకు గారూ. మీ కథలో ఒక్క ముక్క దానికి తెలియదు."

"నాకెరుకనే. మా పటేలు సుత సగం నిద్రలనే ఊ అంటుండె. అయినా మా నాయిన తెల్లందాక వాయించిండు."

"మాతోని మాట్లాడుడే బందు పెట్టిండమ్మా," అంది రాంబాయి. "పెట్టెను తీస్కపోతవా?"

ఊహ తెలిసినప్పటి నుంచి సుభాషిణి రోజూ దేవుడి పటం ముందు నిలబడి కష్టసుఖాలు చెప్పుకుంటూనే ఉంది. అటు నుంచి ఊ అన్నవారు లేరు. వింటున్నాడన్న నమ్మకంతోనే ఇన్నేళ్ళు గడిచాయి. మరి ఈ ముసలాయన్ని తప్పుపట్టేదెలా?

"పెట్టె వద్దు. స్టూడియోలో మీ ఎదురుగా నేను కూర్చుంటాను. రండి," అంది చివరికి.

"నిద్రపోవు గద?"

"పోను."

రికార్డింగు మొదలైంది. బిడ్డను అడవిలో వదిలి వెళ్ళిపోతున్న తల్లి కథ. మంకు చూసినచోటల్లా సుభాషిణి ఊ అంది. సినిమా దర్శకుడు ఆమె గొంతును తర్వాత తీసేయవచ్చని సర్దుకున్నాడు. తల్లి వెనక్కి తిరిగి చూసే చోట కమాను ఆగింది. సుభాషిణి ఊ అనలేదు.

"మా అమ్మ విసుర్రాయి దగ్గర ఇట్లాంటిదే ఒకటి పాడేది," అంది. తను మాట్లాడుతున్నట్టు ఆమెకే తెలియలేదు. "అమ్మ పోయాక ఆ పాట ఎవరికీ వినిపించలేదు. అడిగినవాళ్ళూ లేరు."

మంకు కిక్రీని ఒళ్ళో పడుకోబెట్టాడు. కమానును పక్కన పెట్టి, కాస్త ముందుకు జరిగి కూర్చున్నాడు.

"ఊ," అన్నాడు.

ఆమె తడబడుతూ మొదటి చరణం ఎత్తుకుంది. అద్దం అవతల దర్శకుడు లేచి చెయ్యి ఎత్తబోయాడు. మంకు అతని వైపు తిరిగి, కూర్చోమని కళ్ళతోనే చెప్పాడు.