గుండెతోడు యజమాని

విమానాశ్రయంలో సాక్షిద్వారం ముందు వరుస ఆగకుండా కదులుతోంది. సంచీలు విప్పేవాళ్లు లేరు, బెల్టులు తీసేవాళ్లు లేరు. బ్యాటరీలు పేలి రెండు విమానాలు కూలిపోయిన ఏడాది నుంచి ప్రతి పరికరానికీ ఒక పుట్టుగుర్తు పెడుతున్నారు. ద్వారం దాటేటప్పుడు పరికరమే తన యజమాని పేరు చెబుతుంది. యజమాని పక్కనే ఉంటే పచ్చదీపం. లేకపోతే ఆయన ఎక్కడున్నా సరే, ద్వారమే కబురు పెట్టి అనుమతి అడుగుతుంది.

తోయజ అందుకే వట్టి చేతులతో వచ్చింది. అరచేతిపలక, చెవిపూస, చేతిగడియారం అన్నీ భర్త పేరు మీదే ఉన్నాయి. వాటిని వంటింట్లో బియ్యం డబ్బాలో దాచేసి, గుడ్డసంచీలో రెండు జతల బట్టలతో బయటపడింది. గువాహటిలో అక్క కాదంబరి ఉంది. భర్త రాజశేఖర్ సాయంత్రం దాకా ఆఫీసులోనే ఉంటాడు.

ద్వారంలో అడుగుపెట్టగానే ఎర్రదీపం వెలిగింది.

“ఒక పరికరం ఉంది,” అంది ద్వారం, మర్యాదగా. “గుండెతోడు. యజమాని వేమూరి రాజశేఖర్. అనుమతి కోరుతున్నాం.”

ఎడమ భుజం దగ్గర, చర్మం కింద, గుండెని నడిపే చిక్కుడు గింజంత పరికరం. నాలుగేళ్ల కిందట ఆపరేషన్ రోజున ఆమెకు స్పృహ లేదు. కాగితాల మీద సంతకం పెట్టింది అతను. ఆ సంతకంతోనే అది అతనిదైపోయిందని ఆమెకు తెలుసు. కానీ ఇక్కడ కూడా అడుగుతారని తట్టలేదు. తన ఒంట్లో ఉన్నదాన్ని ఆమె ఏనాడూ సామానుగా లెక్కపెట్టుకోలేదు.

యజమానికి గుండెతోడు వేగాన్ని సవరించే హక్కు ఉంటుంది. రోగికి ఆయాసం వస్తే ఇంట్లోవాళ్లు సర్దాలని డాక్టర్లు పెట్టిన సదుపాయం అది. రాజశేఖర్ దాన్ని మొదటిసారి వాడింది ఆమె ఉద్యోగంలో చేరతానన్న రోజున. “ఆవేశపడుతున్నావు. నీ మంచికే,” అంటూ పలక మీద వేలు కిందికి జరిపాడు. ఆమె మెట్ల మధ్యలో కూలబడి, పై మెట్టు ఎక్కలేక గంటసేపు కూర్చుంది. ఆ తర్వాత ఎన్నిసార్లో.

“అనుమతి నిరాకరించారు,” అంది ద్వారం. “పరికరాన్ని పక్కనున్న పళ్లెంలో పెట్టి, మీరు వెళ్లవచ్చు.”

వెనకాల ఎవరో నవ్వారు. తోయజకి వేళ్ల చివర్లు చల్లబడ్డాయి. ఛాతీలో ఒక దెబ్బ పడింది. రెండోది పడడానికి చాలాసేపు పట్టింది. మొదలుపెట్టాడు.

బల్ల వెనక నుంచి తనిఖీ అధికారి పరుగున వచ్చింది. యాభై దాటిన మనిషి, చొక్కా మీద నూకరత్నం అని రాసుంది. తోయజని పట్టుకుని పక్కగదిలోకి నడిపించింది.

“ఏమైందమ్మా? డాక్టర్ని పిలవనా?”

“వద్దండీ. ఆయన తగ్గిస్తున్నాడు... నా గుండెని. దయచేసి ఆయనకి అప్పగించకండి.”

నూకరత్నం ఆమె మణికట్టు పట్టుకుని చూసింది. నాడి అందీ అందకుండా ఉంది. గోడ మీద తెరలో కొత్త అక్షరాలు వచ్చాయి: యజమాని బయలుదేరారు, ప్రయాణికురాలిని కూర్చోబెట్టండి.

“దీన్ని ఆయన నుంచి విడదీసే దారి లేదా?” అంది తోయజ. మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఆడడం లేదు.

నూకరత్నం గది తలుపు మూసింది. “ఒక్కటే ఉంది. చనిపోయినవాళ్ల గుండెని ఎవరూ నడపకూడదు. దేహం విమానంలో వెళ్తుంటే ఈ మీట నొక్కుతాం. యజమాని హక్కు ఆ క్షణమే పోతుంది, పరికరం తన మామూలు వేగానికి వచ్చేస్తుంది. లెక్కల్లో మాత్రం మీరు చనిపోయినట్టే.” ఆమె గొంతు తగ్గించింది. “దేహదానం కింద రాస్తాను. ఆయన వచ్చి అడిగినా ఎవరూ చూపించరు. ఈ ద్వారానికి పరికరాలే కనిపిస్తాయి, మనుషులు కనిపించరు. మీరు టికెట్ చూపించి విమానం ఎక్కేయండి.”

“మరి మీ ఉద్యోగం?”

“కళ్లు మూతలు పడుతున్నాయి మీకు. నొక్కమంటారా, వద్దా?”

తోయజ తల ఊపింది.

మీట నొక్కిన చప్పుడు కూడా వినిపించలేదు. పది లెక్కపెట్టేలోపు గుండె తన మామూలు వేగానికి వచ్చింది. చెవుల్లో హోరు, చెంపలకి వేడి. తెర మీద ఆమె పేరు పక్కన సానుభూతి వాక్యం ఒకటి వెలిగి ఆరిపోయింది.

విమానంలో కుదుపు వచ్చిన ప్రతిసారీ ఆమె మణికట్టు పట్టుకుంది. ఎవరో వెనక నుంచి పేరు పెట్టి పిలుస్తారని, విమానాన్ని వెనక్కి తిప్పుతారని గువాహటి దాకా ఎదురుచూసింది. ఎవరూ పిలవలేదు.

బయటికి వచ్చేసరికి కాదంబరి స్తంభానికి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. జుట్టు ముడి ఊడిపోయింది. ఎవరో మంచినీళ్లు తాగిస్తున్నారు. తోయజకి అప్పుడు గుర్తొచ్చింది, తను చనిపోయిందన్న కబురు యజమాని ఒక్కడికే వెళ్లదని. దగ్గరివాళ్లందరికీ వెళ్తుంది.

“అక్కా.”

కాదంబరి తలెత్తి చూసి, స్తంభం వెనక్కి జరిగింది. దగ్గరికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది. తోయజ ఆ చేతిని తీసుకుని తన మెడ మీద పెట్టుకుంది. నాడి తగిలాక కాదంబరి ఆమె చెంప మీద ఒక్కటి కొట్టి, ఆ వెంటనే గట్టిగా వాటేసుకుంది. జరిగింది వింటున్నంతసేపూ ఆమె పళ్లు టకటక కొట్టుకుంటూనే ఉన్నాయి.

కాదంబరి అరచేతిపలక మోగింది. అమ్మ.

“రాజమండ్రిలో ఇంటినిండా చుట్టాలట,” అంది కాదంబరి. “వాడు కూడా అక్కడికే వస్తున్నాడట. అమ్మకి చెప్తే మొహంలో దాచడం తన వల్ల కాదే. చెప్పకపోతే...”

తోయజ పలక అందుకుంది. “అమ్మా, నేనే.”

అటువైపు తలుపు వేసిన చప్పుడు. తర్వాత చాలా చిన్న గొంతు: “అక్కడినుంచి ఎక్కడికి వెళ్తావో నాకు చెప్పకు తల్లీ. వాడు అడిగితే నాకు తెలియకూడదు.”

“అమ్మా, నువ్వు...”

“పదో రోజు దాకా అన్నీ చేయిస్తాను. వాడి ఎదురుగానే చేయిస్తాను. నువ్వు మాత్రం ఇంక ఫోన్ చేయకు.”

తలుపు తెరుచుకుంది. జనం గొంతులు దగ్గరయ్యాయి. వాటి మీద ఒక్కసారిగా అమ్మ ఏడుపు లేచింది. “నా తోయజా, నన్ను వదిలేసి ఎలా పోయావే!”

అందులో ఎంత చుట్టాల కోసమో, ఎంత నిజమో తోయజకి తెలియలేదు. ఆ ఏడుపు వింటూ, పలక కట్ చేయలేక, నడిచే జనం మధ్య నిలబడిపోయింది.