తల ఊపే చోటు

"ఆపండి!" అంటూ ఆమె మైకు స్టాండుకు తగిలించేసింది. "వీడి సోలో ఎక్కడ అయిపోతుందో, నేనెక్కడ ఎత్తుకోవాలో తెలిసి చావడం లేదు."

"నేను సరిగ్గానే ముగించాను," అన్నాడతను గిటార్ మీంచి తల ఎత్తకుండానే.

"చూశావా అన్నయ్యా! లీడ్ చేతికొచ్చాక మనుషుల మొహం కూడా చూడటం లేదు."

డ్రమ్స్ వెనకనుంచి ఆమె అన్నయ్య నిట్టూర్చాడు. కింద టైలరింగ్ షాపులో మిషన్లు మాత్రం ఆగకుండా తమ తాళం తాము వేసుకుంటున్నాయి. పైనున్న ఈ గది వాళ్ళ బ్యాండుది. అందులో మొదటినుంచీ అతను పాట వెనక తాళానికి తీగలు మీటే రిథమ్ గిటారే. సోలోలు వాయించే లీడ్ గిటార్ అతనికి వేరే ఊరికి బదిలీ కావడంతో, వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు ఆ చోటు అతనికి దక్కింది. దక్కాకే కష్టాలు మొదలయ్యాయి.

"ఒరేయ్, ఆదివారం ప్రోగ్రాం," అన్నాడు అన్నయ్య. "అప్పటికి మీ ఇద్దరికీ కుదరకపోతే లీడ్‌కి ఇంకొకణ్ణి తెస్తా. నువ్వు మళ్ళీ రిథమ్‌కే."

ఆ సోలో కోసం అతను వేళ్ళు కాయలు కాసేలా సాధన చేశాడు.

"నాలుగు లెక్కపెట్టుకుని ఎత్తుకోవచ్చుగా?" అన్నాడు ఆమెతో, బతిమాలుతున్నట్టు.

"ఇన్నాళ్ళూ నేనేం లెక్కపెట్టలేదే!"

"మరెలా తెలిసేది?"

ఆమె మైకు వైరును వేలికి చుట్టుకుంది, విప్పింది.

"నువ్వు తల ఊపేవాడివి. చరణానికి ముందు, కొంచెంగా. అది చూసి ఎత్తుకునేదాన్ని."

రిథమ్ వాయించేటప్పుడు తీగల మీద పట్లు వేళ్ళే వెతుక్కునేవి, కళ్ళకు పని ఉండేది కాదు. ఖాళీగా ఉన్న ఆ కళ్ళు ఎక్కడ తిరిగేవో అతనికి బాగా తెలుసు. ఆమె ఊపిరి పీల్చుకోగానే భుజాలు లేచేవి. అది చూడగానే అతని తల దానంతటదే ఊగేది. అది ఆమె కూడా చూస్తోందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

"ఇప్పుడు తల ఎత్తితే వేలు తప్పుతుంది," అన్నాడు నెమ్మదిగా.

"తప్పనీ," అంది ఆమె.

"ఓహో," అన్నాడు అన్నయ్య.

ఆ సాయంత్రం అతను వంటింటి తువ్వాలు కళ్ళకు కట్టుకుని సోలో మొదలుపెట్టాడు. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏంట్రా ఈ వేషం?"

"చూడకుండా వాయించడం నేర్చుకుంటున్నానమ్మా."

"గిటార్ చూడకుండా ఎవర్ని చూడాలనీ?"

అతను తీగలు సవరించుకున్నాడు. అమ్మ దగ్గరికొచ్చి, "ఆ పాడే పిల్లేనా? ఒకసారి ఇంటికి తీసుకురా. ముందు నా తువ్వాలు ఇవ్వు, గిన్నెలు తుడవాలి," అంది.

ఆదివారం హాలు నిండిపోయింది. పల్లవి అయింది, సోలో వచ్చింది. మొదటి సగం చూసుకుంటూనే వాయించాడు. తర్వాత గుండె చిక్కబట్టుకుని తల ఎత్తాడు.

ఆమె అప్పటికే అతనికేసి తిరిగి ఉంది.

చివరి స్వరంలో వేలు పక్క తీగ మీద పడింది. పడితే పడింది. ఆమె భుజాలు లేచాయి, అతను తల ఊపాడు. పూసల్లో దారం దూరినట్టు ఆమె చరణం అందుకుంది.

ప్రోగ్రాం అయ్యాక అతను వైర్లు చుడుతుంటే ఆమె పక్కన కూర్చుంది.

"చివర్లో తప్పావు."

"తప్పనీ అన్నావుగా."

"ఒక్కసారికి అన్నాను. ఎప్పటిదాకా తప్పుతావేంటి?"

"నువ్వు ఎదురుగా ఉన్నన్నాళ్ళూ," అనేసి, తనే కంగారుపడి తల దించుకున్నాడు.

"సరే, ఉంటాను," అంది ఆమె వైరు రెండో కొస అందుకుంటూ. "కానీ మాట్లాడేటప్పుడైనా తల ఎత్తు."

ఎత్తాడు.

వెనకనుంచి దగ్గు వినిపించింది. ఇన్నేళ్ళూ 'ఒరేయ్' తప్ప ఇంకో పిలుపు ఎరగని అన్నయ్య, పెద్ద స్పీకర్‌కి ఒక పక్క చెయ్యేసి నిలబడి ఉన్నాడు.

"బావగారూ, చూసింది చాలు. తమరు అటుపక్క పట్టుకుంటారా?"