నాలుగో ట్యూన్‌లో దగ్గు

"తొమ్మిదింట్లో ఎనిమిది చెరిపేసింది! ఎక్కడున్నారండీ, వచ్చి ఆపండి దాన్ని!"

షాపుకి బయల్దేరబోతున్న వాచీల మెకానిక్, భార్య కేకకి మెట్ల కింద గదిలోకి పరుగెత్తాడు. కూతురు కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. ఒళ్లో గిటార్. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"ఏంటమ్మా చెరిపేసింది?"

"నా ట్యూన్లు. రెండేళ్లు కష్టపడి రికార్డు చేశా. ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చని పేరు లేకుండా నెట్‌లో పెట్టా."

ఆయనకి తల తిరిగింది. ఏదో కాలక్షేపానికి టింగుటింగుమనిపిస్తోందనుకున్న పిల్ల ఇంత పని చేసిందా? "మరి చెరపడం ఎందుకు?"

"ఎవడో తిడుతూ రాశాడట! వాడి చేతులు పడిపోను!" భార్య అందుకుంది. "పేరు కూడా చూడండి, చెవిటిమాలోకమట!"

ఆయన కళ్లజోడు కోసం జేబులు తడుముకున్నాడు. అది ముక్కుమీదే ఉంది.

బేరాల్లేని మధ్యాహ్నాలు షాపులో కూర్చుని, ముక్కూమొహం తెలియనివాళ్లు ఉచితంగా పెట్టిన సంగీతం విని నాలుగు ముక్కలు రాయడం ఆయన సరదా. నవ్వుతారని ఆరేళ్లుగా ఇంట్లో చెప్పలేదు. కానీ ఎన్నో రాశాడు. ఇందులో ఏది?

కూతురు చదివింది. "'వేళ్లు బాగానే నడిచాయి. కానీ నాలుగో ట్యూన్‌లో ఎవరో దగ్గుతారు. దాన్ని తీసే ఓపిక కూడా లేనివాళ్లు సంగీతం మానుకుంటే మంచిది.'"

ప్రతి అక్షరం తనదే.

"పోనీ, ఆ దగ్గు తీసెయ్యకపోయావా?" అంది తల్లి.

"కావాలనే ఉంచానమ్మా."

మిగిలిన ఆ ఒక్క ట్యూన్ మోగింది. గిటార్ నెమ్మదించే చోట గేటు కిర్రుమంది. వెనకే రెండు పొడిదగ్గులు. ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాడాయన.

"ఇది మీరేగా!" అంది భార్య.

"నాన్న ఇంటికొచ్చే చప్పుడు," అంది కూతురు. "అది లేకపోతే ఆ ట్యూన్ వెలితిగా ఉంటుంది." వేలు చెరిపే మీట మీదికి వెళ్లింది.

ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వదులు నాన్నా. నీకేం తెలుసని?"

"నువ్వు చెరిపినా పోవు తల్లీ. తొమ్మిదీ షాపు కంప్యూటర్లో ఉన్నాయి. దింపుకున్నా."

"నువ్వా? ఎందుకు?"

తల్లీకూతుళ్లిద్దరూ ఆయన మొహంలోకే చూస్తున్నారు. ఆయన గొంతు సవరించుకోబోయాడు. రెండు పొడిదగ్గులు వచ్చాయి.

"రాయడానికి. ఆ చెవిటిమాలోకం... నేనే తల్లీ."