భయదర్శినిలో పడిన నక్క

2091 నాటికి కర్నూలులో పొద్దున్నే కూసేవి స్పీకర్లే. కరెంటు స్తంభాల మీద నుంచి ఓ వీధికి కోయిల, ఓ వీధికి పిచ్చుక. నిజం పిట్టను చూడాలంటే ఊరికి దూరంగా గడ్డి మైదానానికి పోవాలి. అక్కడ మిగిలింది ఒకే ఒక్క బట్టమేకపిట్టల జంట. ఆడపిట్ట నేల మీద పెట్టిన గుడ్డూ ఒక్కటే.

పక్షిశాస్త్రవేత్త హైమవతి ప్రాణమంతా ఆ గుడ్డు మీదే. ఏం లాభం! పొదగాల్సిన పిట్ట రోజూ పొద్దెక్కేసరికి దేనికో జడిసి లేచిపోతోంది. పోయినేడు ఇలాగే ముసురులో గుడ్డు చల్లబడి మురిగిపోయింది.

ఆమె అనుమానమల్లా ఇంజనీరు ఓబులేసు మీదే. మైదానంలో తను కాక తిరిగే మనిషి అతనొక్కడే. పైగా నిన్నటి నుంచి మొహంలోకి చూడటం లేదు. అన్నం కూడా దూరంగా కూర్చుని తింటున్నాడు. తప్పు చెయ్యనివాడికి ఆ నక్కుడెందుకు?

ఓబులేసు తయారుచేసిన భయదర్శిని చూడటానికి మామూలు కెమెరాయే. ప్రాణి జడిసినప్పుడు, జడిపించిన దాని రూపం మెదడులో మెదులుతుంది. అప్పుడు పుట్టే సన్నని విద్యుత్ తరంగాలను దీని న్యూరో లెన్సు దూరం నుంచే పట్టి బొమ్మగా మారుస్తుంది. పిట్టను ఫోటో తీస్తే పిట్టతో పాటు దాని భయమూ తెర మీద పడుతుంది.

"ఇలా ఇవ్వు" అంది హైమవతి.

"వద్దులే మేడం. ఇంకా సరిగ్గా కుదర్లేదు."

"నిన్న పనిచేస్తోందన్నావు గదా?"

"అన్నాను గానీ... ఈ పొద్దు వద్దు. నా మాట ఇనండి."

దొరికాడు దొంగ అనుకుంది ఆమె. "నీ మొహం పడుతుందనా?"

ఓబులేసు నొచ్చుకున్నాడు. యంత్రం చేతికిచ్చాడు.

ఆమె రోజూ ఫోటోలకు వెళ్లే దారిలోనే గడ్డిలో పాకుతూ వెళ్లింది. పిట్ట మెడ నిక్కించింది, లేచింది, పొడుగు కాళ్లతో గబగబా గడ్డిలో కలిసిపోయింది. అది కనుమరుగయ్యేలోపే హైమవతి మీట నొక్కింది.

తెర మీద ఓ ఆకారం తేలింది. నేల మీద పాకుతూ వస్తోంది. ముఖం ఉండాల్సిన చోట పెద్ద గాజుకన్ను, దాని పైన అంచు చిరిగిన టోపీ.

ఆమె చెయ్యి తల మీదికి పోయింది. టోపీ చిరుగు వేలికి తగిలింది. అయ్యో, ఎంత సిగ్గుచేటు! గబుక్కున బొమ్మను చెరిపేసింది.

"ఏమొచ్చింది మేడం?" వెనకే వచ్చిన ఓబులేసు అడిగాడు.

"నక్క."

అతను నేల చూపులు చూస్తూ అన్నాడు.

"నిన్న మీరు ఫోటోలు తీస్తాంటే నేను ఎనక నుంచి పరీక్ష చేసినా. అప్పుడూ నక్కే వచ్చింది మేడం. మీ మాదిరే టోపీ పెట్టుకోని. మీకెట్ల చెప్పాల్నో తెలీక చస్తాండా."

హైమవతి టోపీ తీసి చంకలో దాచుకుంది.

"అదంతా తర్వాత మాట్లాడుకుందాం. ముందు లెయ్యండి. మనం పోతే గానీ పిట్ట రాదు. గుడ్డు సల్లబడతాంది."

ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా వెనక్కి మళ్లారు. కొంత దూరం పోయి ఆమె తిరిగి చూసింది. పిట్ట వచ్చేసింది. రెక్కలు కొంచెం విప్పి, గుడ్డు మీద మెల్లగా వాలుతోంది. అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!

ఆమె చెయ్యి దానంతటదే కెమెరా మీదికి పోయింది.

"మేడం!" అన్నాడు ఓబులేసు.